వల్లభాచార్యుల రచనలు: తెలుగు అనువాదకుని ముందున్న చిక్కు

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరంగా, బిలాస్‌పూర్ బాట మీద, సిల్తారా ఉన్నది. ఇనుపరాతిని ఇనుముగా మార్చే కొలుములూ, ఇనుమును కడ్డీలుగా సాగదీసే కర్మాగారాలూ బారులు తీరిన పారిశ్రామిక క్షేత్రమది. అదే నగరానికి ఆగ్నేయంగా, మహానదీ ప్రాంతంలో, రాజిమ్ సమీపాన చంపారణ్యం ఉన్నది. గాంధీమహాత్ముడు 1917లో నీలిమందు రైతుల పక్షాన నిలిచిన బీహారులోని చంపారణ్ వేరు, ఇది వేరు. శుద్ధాద్వైతాచార్యుడైన వల్లభుడు పుట్టినట్లు పుష్టిమార్గ సంప్రదాయం విశ్వసించే చోటు ఇదే. ఆయన తల్లిదండ్రులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మ తెలుగువారు; వెలనాటి బ్రాహ్మణులు. కాశీ మీదికి దండు వస్తున్నదన్న భయంతో నగరం విడిచి దక్షిణానికి తరలిపోతూ ఉండగా దారిలో, అడవిలో, ప్రసవమైనదని కథ. సంప్రదాయం అంగీకరించిన లెక్క ప్రకారం అది 1479వ సంవత్సరం.

ఉత్తరాదిన వెలసిన వల్లభచరిత్రలలో ఆ తల్లి పేరు 'ఇల్లమ్మాగారు' అని కనిపిస్తుంది. తెలుగు ఇంట గౌరవం కోసం పలికిన 'గారు' అక్కడి భాషలలోకి పోయేసరికి పేరులో భాగమై స్థిరపడింది. మాట మారలేదు, దాని పని మారింది. ఇటువంటి మార్పే ఎదురు దిక్కుగా వల్లభుడి సంస్కృత పదాలకు తెలుగులో జరిగింది. ఆ సంగతి గుర్తించకుండా ఆయన గ్రంథాలను తెనిగించబూనితే, ఒక్క పదమైనా తప్పిపోని అనువాదంలోనే అర్థం తలక్రిందులు కావచ్చును.

ఈ ప్రశ్న పండితుల గోష్ఠికి మాత్రమే చెందినది కాదు. రైలుమార్గాల పనికీ, ఉక్కు పరిశ్రమలకూ వచ్చి ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. పెద్దలు తెలుగు చదువుకొన్నవారు. పిల్లలు హిందీలో చదువుకొంటున్నవారు. చంపారణ్యానికి పోయివచ్చిన తెలుగువాడు ఈ ఆచార్యుడు తన భాషవారి బిడ్డ అని విని సంతోషిస్తాడు. ఆయన చెప్పినదేమిటో తెలుసుకొనాలని ముచ్చటపడతాడు. చేతికి సులభంగా దొరికే వ్యాఖ్యలు హిందీలోనో గుజరాతీలోనో ఉంటవి. ఈ గ్రంథాలను తెలుగులో చదవాలన్న కోరిక ఆ ఇళ్ళలో పుట్టటం సహజం. ఆ కోరికను తీర్చబూనిన అనువాదకుడు ఏయే మాటల దగ్గర ఆగి ఆలోచించవలెనో విచారించటం అవసరం.

వల్లభుడి పేరు తెలుగుదేశానికి కొత్త కాదు. ఆయన పేర ప్రసిద్ధమైన మధురాష్టకం గాయకుల నోటనూ గృహిణుల నోటనూ వినబడుతూనే ఉన్నది. 1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయల సభలో ఆయన వాదంలో గెలిచి కనకాభిషేకం పొందినాడని సంప్రదాయగ్రంథాలు వర్ణిస్తవి. ఆ కథలోని చారిత్రకసత్యాన్ని తేల్చవలసినవారు చరిత్రకారులు. సాహిత్యదృష్టితో చెప్పవలసినది వేరొకటి ఉన్నది: గెలిచిన వాదమేమిటో తెలియకుండా గెలుపును మాత్రం పొగడుకొనటం ఆచార్యుడికి గౌరవం కాదు. 'మనవాడు' అన్న అభిమానం చదువుకు ప్రారంభం కావచ్చును. అదే చదువుకు బదులు కాజాలదు. వల్లభుడి విషయంలో ఆంధ్రుల అభిమానం చాలాకాలంగా వాకిటనే నిలిచి ఉన్నది.

లోపలికి అడుగుపెడితే కనిపించే సంపద పెద్దది. బ్రహ్మసూత్రాలకు వ్రాసిన అణుభాష్యం ఒకటి; మూడవ అధ్యాయం నడిమి నుండి దీనిని కుమారుడు విఠ్ఠలనాథుడు పూరించినాడు. శాస్త్రార్థ, సర్వనిర్ణయ, భాగవతార్థ ప్రకరణాలతో కూడిన తత్త్వార్థదీపనిబంధం మరొకటి. దీనిలోని కారికలకు ఆచార్యుడే 'ప్రకాశం' అనే వివరణ వ్రాసుకొన్నాడు. భాగవతానికి వ్రాసిన సుబోధిని మూడవది. ఇది 1, 2, 3, 10 స్కంధాలకూ, 11వ స్కంధంలో కొంత భాగానికీ ఉన్నది. ఇవి కాక షోడశగ్రంథాలని పేరుపొందిన పదహారు చిన్న రచనలు కలవు. యమునాష్టకం వంటి స్తోత్రం, సన్న్యాసనిర్ణయం వంటి ఆచారవిచారం, పుష్టిప్రవాహమర్యాదాభేదం వంటి సిద్ధాంతవిభాగం, కృష్ణాశ్రయం వంటి ఆర్తి, అన్నీ ఆ పదహారింటిలోనే ఉన్నవి. వేదం, గీత, బ్రహ్మసూత్రాలు అనే మూడు ప్రమాణాలకు భాగవతాన్ని నాలుగవదిగా చేర్చి, అది వ్యాసుడి సమాధిభాష అని చెప్పటం ఈ ఆచార్యుడి ప్రత్యేకత.

ఈ గ్రంథాల అధ్యయనానికి నాలుగు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉన్నది. సూరతుకు చెందిన పురుషోత్తముడు అణుభాష్యానికి భాష్యప్రకాశమనే విపులవ్యాఖ్య వ్రాసినాడు. ఇరవయ్యవ శతాబ్దపు తొలిభాగంలో బొంబాయిలో మూలచంద్ర తులసీదాస్ తేలీవాలా అనేక మూలగ్రంథాలను పరిష్కరించి అచ్చువేయించినాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1927లో వెలువరించిన భారతీయ దర్శనచరిత్ర రెండవ సంపుటంలో వల్లభుడికి కొన్ని పుటలు దక్కినవి. 1949లో వచ్చిన సురేంద్రనాథ దాసుగుప్త నాలుగవ సంపుటంలో ఆ చర్చ విస్తరించింది. జర్మన్ పండితుడు గ్లాజెనాప్ ఈ సిద్ధాంతాన్ని తన భాషలో వివరించినాడు. రిచర్డ్ బార్జ్ 1976లో సంప్రదాయచరిత్రను ఇంగ్లీషులో వ్రాసినాడు. జేమ్స్ రెడింగ్టన్ రాసలీలాధ్యాయాల సుబోధినిని 1983లోనూ, షోడశగ్రంథాలను 2000లోనూ ఇంగ్లీషు చేసినాడు. కాశీ, నాథద్వారం, సూరతు, బొంబాయిలతోపాటు జర్మనీ, అమెరికాలు ఈ పట్టికలో ఉన్నవి. తెలుగు పేరు ఉన్నచోట కూడా రచన ఇంగ్లీషులోనే ఉన్నది.

ఇంగ్లీషు అనువాదకుడికి లేని సౌకర్యం తెలుగువాడికి ఒకటి ఉన్నట్లు తోస్తుంది. ఇంగ్లీషువాడు ప్రతి పారిభాషికపదానికీ తన భాషలో ఒక మాట వెదుక్కొనవలెను. వెదికేటప్పుడు అర్థమేమిటని తన్ను తాను ప్రశ్నించుకొనక తప్పదు. తెలుగు అనువాదకుడికి ఆ శ్రమ లేదు. పుష్టి, మర్యాద, ప్రవాహం, సేవ, సంబంధం, నిరోధం, వ్యసనం, ప్రపంచం, సంసారం: ఇవన్నీ తెలుగుమాటలే. ముకారం చేర్చి, విభక్తి తగిలిస్తే వాక్యం సిద్ధమవుతుంది. అసలు ప్రమాదం ఈ సౌలభ్యంలోనే ఉన్నది. చిరకాలం క్రిందట సంస్కృతపు ఇంటి నుండి తెలుగింటికి కాపురానికి వచ్చిన మాటలివి. ఇక్కడి బంధుత్వాలు వీటికి ఏర్పడినవి. పుట్టింటివారు పాతపేరుతో పిలిచినంత మాత్రాన ఇవి పాత మనుషులు కావు.

వల్లభ దర్శనానికి ఆయువుపట్టు రెండు మాటల భేదం. ప్రపంచం భగవంతుడి కార్యం, ఆయన స్వరూపమే, కనుక సత్యం. సంసారం జీవుడు అవిద్యవలన కల్పించుకొన్నది; 'నేను', 'నాది' అనే అహంతామమతల అల్లిక; కనుక అసత్యం. జ్ఞానం కలిగితే సంసారం నశిస్తుంది, ప్రపంచం నశించదు. భగవంతుడు తనలోకి ఉపసంహరించుకొన్నప్పుడే ప్రపంచం మరుగుపడుతుంది. మాయావాదానికీ శుద్ధాద్వైతానికీ నడుమ గీత సరిగా ఇక్కడనే పడుతుంది. బ్రహ్మానికి మాయతో సంపర్కం లేదు. అందుకే అది 'శుద్ధ'మైన అద్వైతం.

సిల్తారాలోని ఒక తెలుగు ఇంటిని ఊహించుకొని, 'ప్రపంచం సత్యం, సంసారం అసత్యం' అన్న ఈ సిద్ధాంతసంగ్రహాన్ని ఆ ఇంటి తాతగారి ముందూ మనుమరాలి ముందూ పెట్టి చూడవచ్చును. తాతగారిది తెలుగు చెవి. ప్రపంచమంటే లోకమని ఆయనకు సరిగానే అందుతుంది. సంసారమంటే మాత్రం ఆలుబిడ్డలు, ఇల్లు, కాపురం. కనుక లోకం నిజమనీ, కాపురం బూటకమనీ ఆయన గ్రహిస్తాడు. మనుమరాలిది హిందీ చెవి. హిందీ వాడుకలో 'సంసార్' అంటే లోకం. 'ప్రపంచ్' అంటే జంజాటం, బూటకం, కపటం. కనుక జంజాటం నిజమనీ, లోకం అబద్ధమనీ ఆమెకు వినిపిస్తుంది. ఆచార్యుడు చెప్పినదానికి అది నూటికి నూరుపాళ్ళు విరుద్ధం. ఒకే ఇంట ఒకే వాక్యం రెండు అపార్థాలకు లోనైనది. రెండింటిలోనూ ఒక్క పదమైనా మారలేదు.

తాతగారి అపార్థం మనుమరాలి దానికంటె చిన్నదిగా కనిపించినా, ఫలితంలో తక్కువది కాదు. వల్లభుడు గృహస్థు. ఇద్దరు కుమారులతో ప్రయాగ సమీపాన అడేలులో కాపురమున్నాడు. సన్న్యాసం స్వీకరించినది జీవితాంతంలో, 1531లో. తొందరపడి సన్న్యసించటం తగదని సన్న్యాసనిర్ణయంలో హెచ్చరించినాడు. ఇంటిలో ఉంటూ, ఇంటిని కృష్ణసేవకు వినియోగించటమే ఆయన చూపిన దారి. అటువంటివాడి నోట 'సంసారం మిథ్య' అన్న తెలుగుమాట పెడితే, తత్త్వాలు పాడే బైరాగి ఒకడు లేచి నిలుస్తాడు కాని వల్లభుడు కనిపించడు. దేహం మాయ, ఆలుబిడ్డలు మాయ అన్న పాటలకు అలవాటుపడిన తెలుగు మనస్సు ఆ బైరాగిని వెంటనే గుర్తుపట్టి, ఇతడూ ఆ కోవవాడేనని పుస్తకం మూసివేస్తుంది. ఇల్లు వదలవద్దన్న ఆచార్యుడు ఇల్లు వదలమన్నట్లు తేలటం చిన్న పొరపాటు కాదు. కనుక తెలుగు అనువాదంలో ఈ అర్థాన 'సంసారం' అన్న మాటను ఒంటరిగా వదలరాదు. 'అహంతామమతలు' అనో, 'నేను-నాది అనే కట్టు' అనో చెప్పవలెను. 'ప్రపంచం' అన్న మాటను మాత్రం నిశ్చింతగా ఉంచుకొనవచ్చును. ఈ ఒక్కచోట హిందీకంటె తెలుగు అదృష్టవంతురాలు.

పుష్టి, మర్యాద అనేవి మరొక జంట. తెలుగులో పుష్టి దేహానికి సంబంధించినది: పుష్టిగా ఉన్న బిడ్డ, పుష్టికరమైన ఆహారం. మర్యాద అతిథికి చేసేది, పెండ్లివారు ఆశించేది. వల్లభుడి మర్యాదామార్గం శాస్త్రవిహితమైన సాధనక్రమం. ఇంత సాధనకు ఇంత ఫలమన్న కట్టుబాటు. పుష్టిమార్గం ఆ లెక్కకు లొంగని అనుగ్రహం. ఈ పుష్టి శబ్దానికి మూలం భాగవతంలోనే ఉన్నది. ద్వితీయస్కంధం చెప్పిన పది లక్షణాలలో పోషణమొకటి. పోషణమంటే భగవదనుగ్రహమని అక్కడనే నిర్వచనం. సుబోధినీకారుడి విభాగంలో ఆ లక్షణం షష్ఠస్కంధానికి చెందుతుంది. ఏ పుణ్యమూ లేని అజామిళుడు కొడుకును పిలిచిన పిలుపుతో తరించిన కథ ఆ స్కంధంలోనిదే. కనుక పుష్టిని తెనిగించటానికి ఆధారం తెలుగులో లేకపోలేదు. తల్లి బిడ్డను పోషించేటప్పుడు బిడ్డ అర్హతను లెక్కించదు. 'అనుగ్రహపోషణ' అని మొదట ఒకటి రెండుచోట్ల విప్పి చెప్పి, తరువాత 'పుష్టి' అన్న పేరునే నిలుపుకొంటే చాలును. దేహపుష్టి అన్న తెలుగు అర్థం అప్పుడు అడ్డు రాదు; సాయపడుతుంది. మర్యాదకు ఆ వెసులుబాటు లేదు; దానిని 'విధిమార్గం' అనటమే క్షేమం.

నిరోధశబ్దం కథ ఇంకా క్లిష్టమైనది. తెలుగులో నిరోధించటమంటే అడ్డుకొనటం. యోగశాస్త్రం చదివినవారికి చిత్తవృత్తుల నిలుపుదల. వల్లభుడికి అది భాగవత దశమస్కంధపు సారం: ప్రపంచాన్ని మరచి భగవంతుడి యందు చిత్తం అంటుకొనిపోవటం. అడ్డుకట్ట వేసినప్పుడు నీరు ఆగుతుంది. వల్లభుడి నిరోధంలో నీరు ఆగదు, మరొక దిక్కుకు మళ్ళి ఉరకలు వేస్తుంది. దశమస్కంధాన్ని ఆయన జన్మ, తామస, రాజస, సాత్త్విక, గుణ ప్రకరణాలుగా విభజించినాడు. రాసలీలాధ్యాయాలు ఉన్నది తామసప్రకరణంలో. తెలుగులో తామసమంటే మందకొడితనం, ఆలస్యం, మూర్ఖపుపట్టు. రాసలీలను తామసమనటం తెలుగుచెవికి నిందవలె వినిపిస్తుంది. వ్రజవాసులకు శాస్త్రం తెలియదు, వేరొక దైవం తెలియదు, పట్టినపట్టు విడువటం తెలియదు. ఆ మొండిప్రేమను లోకం తామసమంటే అననీ, భగవంతుడు మొదట చేరినది అక్కడికే అన్నది ఈ విభాగంలోని ఆంతర్యం. ఇక్కడ మాట మార్చితే ఆ ఆంతర్యం పోతుంది. మార్చకుండా విడిచిపెడితే అపార్థం వస్తుంది. మాటను ఉంచి, వెంటనే వివరించటమొక్కటే దారి.

కొన్నిచోట్ల తెలుగులోని కరకుదనమే అనువాదకుడికి అండ. భక్తివర్ధినిలో వల్లభుడు ప్రేమకు మూడు మెట్లు చెప్పినాడు: స్నేహం, ఆసక్తి, వ్యసనం. స్నేహంతో ఇతరవస్తువుల మీది రాగం పోతుంది. ఆసక్తితో ఇంటి మీది రుచి తగ్గుతుంది. వ్యసనంతో మనిషి కృతార్థుడవుతాడు. ఆసక్తి అన్న మాట తెలుగులో చప్పబడిపోయింది. క్రీడలలో ఆసక్తి, రాజకీయాలలో ఆసక్తి అన్న వాడుకలో అంటుకొని ఉండటమన్న మూలార్థం మిగలలేదు; ఇక్కడ 'తగులం' అనవచ్చును. వ్యసనమో, సప్తవ్యసనాల పొత్తుతో భయం పుట్టించే మాట. మర్యాదస్థుడైన అనువాదకుడు దానిని 'పరమప్రేమ' అని మెత్తబరచటానికి ఆశపడతాడు. ఆ ఆశకు లొంగరాదు. సంస్కృతంలోనూ వ్యసనశబ్దానికి జూదం, పానం వంటి అర్థాలు ఉన్నవి. వల్లభుడికి తెలిసే ఆ మాట ఎన్నుకొన్నాడు. అది లేక క్షణం నిలువలేని స్థితి, మేలు కీడులు లెక్కించని స్థితి ఆయనకు కావలసింది. తెలుగు పాఠకుడు ఇక్కడ ఉలిక్కిపడవలసినదే. మాటలన్నింటికీ ఒకే నియమం చెల్లదనటానికి ఇది సాక్ష్యం: ఒకటి మార్చవలెను, ఒకటి విప్పవలెను, ఒకటి ఉన్నదున్నట్లు విడువవలెను.

సృష్టిని గురించిన మాటలు ఆవిర్భావం, తిరోభావం. సంస్థల ఆవిర్భావదినోత్సవాలు జరుపుకొనే నేటి తెలుగులో ఆవిర్భావమంటే లేనిది పుట్టటం. వల్లభుడి సిద్ధాంతంలో లేనిది పుట్టదు, ఉన్నది నశించదు. అనుభవానికి అందటం ఆవిర్భావం, అందకపోవటం తిరోభావం. జీవుడిలో ఆనందం తిరోహితమైనది. జడంలో చైతన్యమూ ఆనందమూ రెండూ తిరోహితమైనవి. ఇందుకు 'వెలికి రావటం', 'మరుగుపడటం' అన్న అచ్చతెలుగు జంట సరిగా సరిపోతుంది. ఇక బ్రహ్మం జగత్తైనా వికారం పొందదన్న అవికృతపరిణామవాదానికి బంగారమూ నగలూ ప్రసిద్ధదృష్టాంతం. పాలు పెరుగైతే మళ్ళీ పాలు కావు. బంగారం నగ అయినా బంగారమే. సిల్తారా పాఠకుడికి ఇది చెప్పటానికి బంగారం దాకా పోనక్కరలేదు. విరిగిన పాత ఇనుమును కరిగించి దిమ్మె పోయటమూ, దిమ్మెను కడ్డీగా సాగదీయటమూ అతడు ఎరిగిన పని. రూపం మారింది, పేరు మారింది, ఇనుము ఇనుముగానే ఉన్నది. మూలంలోని దృష్టాంతాన్ని మార్చే అధికారం అనువాదకుడికి లేదు. కాని వివరణలో పాఠకుడి చేతికి అందే ఉదాహరణ ఇవ్వటం అతడి ధర్మం.

తెలుగు అనువాదకుడికి మరే భాషవాడికీ లేని తోడు ఒకటి ఉన్నది: పోతన. భాగవతంలో ఐదవ స్కంధం గంగన, ఆరవది సింగన, చివరి రెండూ నారయ తెనిగించినవి, తక్కినవి పోతనవి. సుబోధిని సమగ్రంగా ఉన్న 1, 2, 3, 10 స్కంధాలు నాలుగూ పోతన చేతిమీదుగా తెలుగైనవే కావటం చక్కని యోగం. కాశీలో, ప్రయాగలో, వ్రజభూమిలో ఒక తెలుగు కుటుంబపు పండితుడు ఏ శ్లోకాల మీద ధ్యాననిమగ్నుడైనాడో, ఆ శ్లోకాలనే కొన్ని దశాబ్దాల ముందు తెలుగునేల మీద ఒక కవి పద్యాలుగా పలికినాడు. ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చదవటం ఏ విశ్వవిద్యాలయంలోనైనా పరిశోధనకు అర్హమైన పని.

ఈ తోడుతోనే ఒక పరీక్ష కూడా వస్తుంది. దశమస్కంధంలో అఘాసురవధ మొదలు బ్రహ్మస్తుతి వరకు గల 12, 13, 14 అధ్యాయాలు ప్రక్షిప్తాలని వల్లభుడి నిర్ణయం. దానివలన సుబోధినిలో ఆ పైని అధ్యాయాల సంఖ్య ఇతర ప్రతులకంటె మూడు తగ్గుతుంది. ఈ సంగతి తెలియనివాడు రాసపంచాధ్యాయి కోసం వెదకి దారితప్పుతాడు. సంఖ్యల చిక్కు పట్టికతో తీరుతుంది. హృదయపు చిక్కు అంత సులభంగా తీరదు. గోపబాలురతో కలిసి కృష్ణుడు చల్దులారగించిన ఘట్టం ఆ మూడు అధ్యాయాలలోనిదే. తెలుగు పిల్లలు బడిలో నేర్చిన ఘట్టమది. పోతన పేరు చెబితే మొదట గుర్తుకు వచ్చేవాటిలో ఒకటి. అది మూలంలో లేదని చెప్పే ఆచార్యుడి మాటను తెలుగు అనువాదకుడు కప్పిపుచ్చరాదు; పోతనను చిన్నబుచ్చనూ రాదు. ఒకే గ్రంథాన్ని కవి ఒక కంటితో, దార్శనికుడు ఒక కంటితో చదివినారు. ప్రకరణానికి ప్రకరణం అతికే శాస్త్రీయమైన అమరిక దార్శనికుడికి ముఖ్యం. సద్ది మూటలోని ఊరగాయ రుచి కవికి ముఖ్యం. ఈ భేదాన్ని తేటగా చూపగల అవకాశం తెలుగు భాషకు దక్కింది.

మాటల అర్థం తేలకపోతే నష్టం పుస్తకాలతో ఆగదనటానికి ఈ సంప్రదాయచరిత్రలోనే తార్కాణం ఉన్నది. 1860లో 'సత్యప్రకాశ్' అనే గుజరాతీ పత్రికలో మహారాజుల ప్రవర్తనను విమర్శించిన సంపాదకుడు కర్సన్‌దాస్ ముల్జీపై జదునాథజీ మహారాజు పరువునష్టం దావా వేసినాడు. 1862లో బొంబాయి సుప్రీంకోర్టులో జరిగిన ఆ విచారణలో సంప్రదాయగ్రంథాల అర్థం చర్చకు వచ్చింది. తనువు, మనస్సు, ధనం సమర్పించుట అన్నమాటలో సమర్పణ ఎవరికి, కృష్ణుడికా గురువుకా అన్నది అక్కడి కీలకప్రశ్నలలో ఒకటి. ప్రధానాంశంలో తీర్పు సంపాదకుడి పక్షాన వచ్చింది. గురుపీఠాల దోషాలను బయటపెట్టినవారి ధైర్యం మెచ్చదగినదే. కాని తరువాత చాలాకాలం ఇంగ్లీషు చదివిన లోకం వల్లభుడి గ్రంథాలను ఆ వ్యాజ్యపు కళ్ళజోడుతోనే చూసింది. దేనినైనా తాను అనుభవించకముందే భగవంతుడికి నివేదించవలెనన్న సిద్ధాంతరహస్యపు బోధకూ, దానిని ఒక వ్యక్తి తన భోగానికి వాడుకొనటానికీ గల దూరం మూలం చదివినవారికే తెలుస్తుంది. మంచి అనువాదం ఆచార్యుడికి మేలు చేసినట్లే, ఆయన పేరు చెప్పుకొనేవారిని నిలదీయటానికీ ఆధారమవుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు, పీఠికలో పారిభాషికపదాల పట్టిక ఇస్తే సరిపోదా అని పండితులు అడగవచ్చును. పట్టిక అవసరమే, చాలదు. పీఠికను పాఠకుడు ఒక్కసారి చదువుతాడు; 'సంసారం' అన్న మాటను గ్రంథంలో నూరుసార్లు చదువుతాడు. నూరుసార్లు ఇంటివాడుక గెలుస్తుంది, పీఠిక ఓడుతుంది. తత్సమాలు సర్వభారతీయ సంపద కదా అన్నది మరొక ఆక్షేపణ. సంపద ఉమ్మడిదే, చెలామణిలో విలువలు వేరు. సిల్తారాలోని తాతగారూ మనుమరాలూ అందుకు ప్రమాణం.

కార్యక్రమం విషయంలో రెండు మూడు మాటలు చెప్పవచ్చును. అణుభాష్యంతో మొదలుపెట్టటం సాహసం. షోడశగ్రంథాలతోనూ, నిబంధంలోని శాస్త్రార్థప్రకరణంతోనూ మొదలుపెట్టటం వివేకం. ఇవి చిన్నవి, సిద్ధాంతపు మాటలన్నింటికీ ఆచార్యుడి సొంత నిర్వచనాలు వీటిలో దొరుకుతవి. ఒక పదానికి నిఘంటువు చెప్పే అర్థంకంటె, తెలుగువాడుక చెప్పే అర్థంకంటె, ఆ నిర్వచనానికే పెద్దపీట వేయవలెను. అనువాదం వచనంలో ఉండవలెను. కారికలను కందంలోకో తేటగీతిలోకో మార్చాలన్న సరదా తెలుగువారికి సహజం. కాని ప్రాస కోసం, పాదపూరణం కోసం చేరే విశేషణాలు శాస్త్రానికి చేటు. స్తోత్రాలకు మాత్రం పద్యం తగును. సంస్కృతపండితుడు ఒక్కడే ఈ పని చేయటంకంటె, వ్రజభాషలోని వార్తాగ్రంథాలు తెలిసినవాడూ, హిందీప్రాంతంలో నివసించే తెలుగువాడూ తోడైతే మేలు. ఏ మాట ఎక్కడ అపార్థమవుతుందో రెండు భాషల నడుమ రోజూ బ్రతికేవాడికి తెలిసినంతగా గ్రంథాలయంలో కూర్చున్నవాడికి తెలియదు. ఈ విధంగా రాయ్‌పూర్, భిలాయి, బిలాస్‌పూర్ ప్రాంతాల తెలుగు రచయితలు ఆంధ్రదేశంలోని పండితులకు సాయపడవలసినవారే కాని, వారి అనువాదాల కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసినవారు కారు.

వెలనాటి నుండి కాశీకి పోయి, కాశీ నుండి పారిపోతూ, దారిలో బిడ్డను కన్న కుటుంబమది. ఆ బిడ్డ తన ఆలోచనలను సంస్కృతంలో వ్రాసినాడు. ఆయన వంశీకులను గుజరాతు, రాజస్థాన్, వ్రజభూములు ఆదరించి తైలంగులని నేటికీ పిలుచుకొంటున్నవి. ఆయన మాటలు తెలుగులో లేక కాదు, ఉండే దూరమైనవి. వాటి పైన పేరుకొన్న ఇంటివాడుకను ఒక్కొక్కటిగా తొలగించి, అడుగున ఉన్న అర్థాన్ని ఆయన పరిభాషలో చెప్పాలంటే వెలికి తీయటమే ఇక్కడ అనువాదం. ఆ పని జరిగిననాడు సిల్తారా ఇంటి తాతగారూ మనుమరాలూ ఒకే వాక్యాన్ని చదివి, ఒకే సంగతి గ్రహిస్తారు: లోకం నిజం, ఇల్లు నిజం, అబద్ధమైనది 'నాది' అన్న ఒక్క మాట మాత్రమే.